అమావాస్య తూకం

రోదసిలో తిరిగే మనిషి ఎందుకు తేలుతాడు? ఫోను పక్కన పెట్టి, ఎవరినీ అడగకుండా, మీ బుర్రతో మీరే చెప్పండి. "అక్కడ భూమి ఆకర్షణ ఉండదు కదా" అన్నారంటే, మీకు ఎన్ని డిగ్రీలున్నా సరే, మీరూ మా అమ్మ మొక్కిన మఠం సామీ ఒకే మాట చెబుతున్నట్టు లెక్క. కోపం తెచ్చుకోకండి. ఆ మాట ఒక ఇంటిని ఏం చేసిందో నాకు తెలుసు గనుక అడుగుతున్నాను. పోయిన నెల ఎమ్మిగనూరులో మా వదినను చూడడానికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఫోనులో ఏదో చూస్తోంది. రోదసి నౌకలో ముగ్గురు మనుషులు గాలిలో పల్టీలు కొడుతూ, నీటి బొట్టును నోటితో పట్టుకుంటున్నారు. వదిన నవ్వలేదు. "చూడు పాపా, మీ అన్న మాదిరే తేలతాండారు" అంది. నాకు అరవై దాటాయి, ఆమెకు నేను ఇంకా పాపనే. ఆమె అన్న ఆ ఒక్క మాటకు, నలభై ఏళ్ళుగా ఎవరికీ వివరంగా చెప్పని సంగతి చెప్పక తప్పదనిపించింది.

మా నాయన నాగప్ప ఎమ్మిగనూరు మగ్గాల ఇంట్లో పుట్టి, మగ్గం వదిలి, ఆదోని పత్తి మార్కెట్టులో తూకం మనిషిగా చేరాడు. పత్తి కాలం వస్తే మా వీధి అంతా దూదే. కిటికీ ఊచలకు దూది, తులసి మొక్కకు దూది, అమ్మ కొట్టే జొన్న రొట్టె మీద కూడా ఒక పోగు. పత్తి గింజల నూనె వాసన, కిరసనాయిలు పొయ్యి వాసన, గోనెసంచుల తడి వాసన కలిసి మా ఇంటి వాసన అయింది. నాయన సాయంత్రం వచ్చి చేతులు కడుక్కునేదాకా ఎవరితో మాట్లాడడు. పత్తిని గుప్పిట్లో నొక్కి చెంపకు ఆనించుకుంటే నీళ్ళు చల్లి తెచ్చిన సరుకో కాదో తెలిసిపోయేది. ఇంట్లో కూడా అదే అలవాటు. వంకాయలు తెచ్చినా, నేను పుస్తకాల సంచి తెచ్చినా, చేతిలోకి తీసుకుని ఒకసారి పైకి ఎగరేసి చూసి, ఏదో తృప్తిగా కింద పెట్టేవాడు. సాక్షాత్తూ మా మేనమామ పత్తి తెస్తే తడి ఉందని బస్తా వెనక్కి పంపినవాడు. అమ్మ మూడు రోజులు మాట్లాడకపోతే, "తూకం ముందర సుట్టరికం యాడుందే" అన్నాడు, అంతే.

మా అన్న ఈరన్న ప్రెస్సులో హమాలీ. పత్తిని ఇనుప పట్టీలతో బిగించి బేళ్ళు కట్టే కార్ఖానాను మేం ప్రెస్సు అనేవాళ్ళం. ఆ బేళ్ళను దొర్లించి లారీకెక్కించే పని అతనిది. జాతరలో గుండు ఎత్తే పందెం ఉండేది. కోడిగుడ్డు ఆకారంలో నున్నగా ఉండే పెద్ద రాయి, పట్టుకోడానికి ఒక అంచు కూడా ఉండదు. దాన్ని మోకాళ్ళ మీదికి, ఛాతీ మీదికి దొర్లించుకుని భుజం మీదుగా వెనక్కి వేయాలి. మా అన్న వేసినప్పుడు నేల అదిరితే ఆడవాళ్ళ వరసలో పద్మ వదిన తల దించుకుని నవ్వడం నేను చూశాను. అప్పటికి ఇంకా పెళ్ళి కాలేదు వాళ్ళకు. ప్రెస్సు నుంచి రాగానే అన్న గుమ్మం బయటే కూర్చునేవాడు. "దూది దులుపుకోకుండా లోపలికొస్తే కాళ్ళిరగ్గొడతా" అని అమ్మ చీపురు చూపించేది. అతను జుట్టు దులుపుకుంటుంటే తెల్లటి మబ్బు లేచేది. దులుపుకుంటూ దగ్గేవాడు. ఆ వీధిలో దగ్గనివాడెవడు? అందుకే ఆ దగ్గును ఎవరమూ వినలేదు.

నేను కాలేజీలో ఫిజిక్సు చదువుతున్నాను. ఆదివారాలు, మూతబడిన ఒక నూనె మిల్లు షెడ్డులో, రిటైరైన పంతులు ఒకాయన మాకు వాదన నేర్పేవాడు. దేవుడు, కులం, వితంతు వివాహం, ముహూర్తాలు, అన్నింటి మీదా రెండు పక్షాలు. ఆయన దగ్గర ఒకే నియమం. ఎదుటివాడి మాటను, వాడు తల ఊపి "అవును, నేననేది ఇదే" అనేంత బాగా చెప్పాలి. ఆ తర్వాతే ఖండించాలి. పూర్వపక్షం చెప్పకుండా నోరెత్తితే బయటికి పంపేవాడు. ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆ షెడ్డులో నేర్చుకున్న వాదనే ఈ రోజుకూ నాకు కూడు పెట్టేది, నేను దాక్కునే ముసుగూ అదే.

అన్న బట్టలు వదులవుతున్నాయని ముందు గమనించింది వదిన. అమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది, చివరికి ఎమ్మిగనూరు పక్కన ఒక మఠానికి తీసుకుపోయింది. ఆ ఊరి పేరు చెప్పను, ఆ మఠం ఇప్పుడు లేదు. అక్కడ జబ్బు మనిషిని అమావాస్య అమావాస్యకు బెల్లంతో తూచేవాళ్ళు. చింత కొమ్మకు పెద్ద తక్కెడ, ఒక సిబ్బిలో మనిషి, ఇంకో సిబ్బిలో బెల్లం దిమ్మెలు. తూగిన బెల్లం మఠానికి. మామూలుగా తక్కెడ సరిచేసే శిష్యుడు ఒకడు ఉండేవాడు కానీ, మా నాయన చెయ్యి చూసినాక వాడు పక్కకు తప్పుకున్నాడు. దిమ్మె పెట్టి, తీసి, చిన్న ముక్క కలిపి, ముల్లు నిలువుగా నిలబడేదాకా నాయన ఊపిరి కూడా బిగపట్టేవాడు. మొదటి అమావాస్యకు తెచ్చిన బెల్లం చాలలేదు, అప్పటికప్పుడు కోమటి అంగడికి పరుగెత్తాల్సి వచ్చింది. తర్వాతి అమావాస్యకు సరిపోయింది. ఆ తర్వాత మిగిలింది. మిగిలిన బెల్లం చూసి అమ్మ ముఖం వెలిగిపోయింది. సామి చెప్పాడు గదా: "పాపం బరువు దిగుతాందమ్మా. దేహం లఘువైతాంది."

ఆ వేసవిలోనే మన దేశం మనిషి మొదటిసారి రోదసిలోకి పోయాడు. ఆదోని సినిమా హాల్లో ఆటకు ముందు వేసే వార్తాచిత్రంలో చూపించారు. మనిషి అడ్డంగా తేలుతున్నాడు, పెన్ను ఒకటి తనంతట తాను తిరుగుతోంది. హాలంతా ఈలలు. నేల తరగతిలో ఎవడో, "ఒంటికి పోవాలంటే ఎట్లప్పా ఆడ?" అని అరిస్తే, ఇంకొకడు, "కింద కూర్చున్నోళ్ళు గొడుగులు పట్టుకోండ్రి!" అన్నాడు. మా అన్న పొట్ట పట్టుకుని నవ్వి, నవ్వు దగ్గయి, దగ్గు ఆగక బయటికి పోయాడు. వెనకాలే పోతే, గోడ దగ్గర వంగి రుమాలు మడుస్తున్నాడు. మడతలో ఏముందో నేను చూశానని అతనికి తెలిసింది. "పాన్ తిన్నాలే" అన్నాడు. అన్నకు పాన్ అలవాటు లేదు.

సామి కూడా ఆ వార్తాచిత్రం చూసినట్టున్నాడు. తర్వాతి అమావాస్యకు మఠంలో కొత్త పాట: పైకి పోయిన కొద్దీ, దేవతల దగ్గరికి చేరే కొద్దీ బరువు పోతుంది, సైన్సువాళ్ళే రుజువు చేశారు, మా ఈరన్న ఏ ఇంజనూ లేకుండా అదే దారిలో ఉన్నాడు. అమ్మ ఆ మాటలు ఇంటికొచ్చి వీధంతా చెప్పింది. నేను ఆసుపత్రి మాట ఎత్తితే, "కాలేజీకి పంపితే అన్నకు రోగం అంటగడతాండావే" అని నా మీద పడింది. అర్థమయ్యేట్టు చెబితే మారతారని నేను నమ్మిన వయసది. అందుకని ముందు అన్నకే చెబుదామనుకున్నాను.

ఖాళీ డాల్డా డబ్బాకు అడుగున పక్కగా మేకుతో చిల్లి పెట్టాను. మా మట్టి మిద్దె అంచున అన్నను నిలబెట్టి, డబ్బా నిండా నీళ్ళు పోసి చేతికిచ్చాను. చిల్లిలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఇప్పుడు వదిలెయ్యి. పడేటప్పుడు ధారనే చూడు" అన్నాను.

వదిలాడు. డబ్బా గాలిలో ఉన్నంతసేపూ ధార లేదు. కింద పడి ఢామ్మంది, కోళ్ళు చెదిరిపోయాయి. అమ్మ వంటింట్లోంచి శాపనార్థాలు పెట్టింది.

"నీళ్ళు యాడికి పోయినాయి పాపా?"

"డబ్బాలోనే ఉండాయి. నీళ్ళ బరువు అడుగును నొక్కితేనే కదా చిల్లిలోంచి కారేది. డబ్బా కూడా నీళ్ళతోపాటు పడతాంటే ఇంక దేన్ని నొక్కుతాయి?"

ఇంకోసారి, ఇంకోసారి వేయించుకున్నాడు. నాకు తెలిసిందంతా చెప్పాను. మనకు తెలిసే బరువు భూమి లాగడం కాదు, నేల మన అరికాళ్ళను ఎదురు నెట్టడం. ఆ నౌక తిరిగే ఎత్తులో భూమి లాగుడు ఎక్కడికీ పోలేదు, ఇక్కడున్న దానిలో పదో వంతు కూడా తగ్గి ఉండదు. ఆదోని కొండ మీద నుంచి రాయి విసిరితే ఊర్లో పడుతుంది. ఇంకా గట్టిగా విసిరితే ఎమ్మిగనూరులో పడుతుంది. చాలా ఎత్తుకు పోయి, గాలి అడ్డం లేని చోటి నుంచి, అందుకు తగిన మహా వేగంతో అడ్డంగా విసిరితే, రాయి ఎంత కిందికి పడుతుందో భూమి కూడా గుండ్రంగా అంత కిందికి వంగిపోతుంది. రాయి పడుతూనే ఉంటుంది, నేల అందదు. నౌకా, మనిషీ, పెన్నూ, అందరూ ఒకే తీరున పడుతుంటారు. అందుకే ఎవరి బరువూ ఎవరికీ తగలదు.

బేళ్ళు దొర్లించినవాడికి బరువు గురించి తొందరగా అర్థమవుతుంది. "అంటే ఆయప్ప తేలేది ల్యా. పడతాండాడు. పడేది తెలీడం ల్యా."

"అంతే అన్నా! మరి నీకు బరువు తగ్గేదానికీ, దానికీ ఏమన్నా సంబంధముందా? రేపు పోదాం ఆసుపత్రికి."

మిద్దె అంచున కూర్చుని కాళ్ళు వేలాడేశాడు. "నాకు తెల్దనుకున్నావా? నాతో పనిచేసినోళ్ళు ఇద్దరు ఇట్లే పోయినారు. ఆసుపత్రోళ్ళు పేరు పెడతారు పాపా. ఆ పేరు పెడితే ప్రెస్సులోకి రానీరు. హోటల్లో గ్లాసు ఇయ్యరు. మీ వదిన్ని వాళ్ళ నాయన తీసకపోతాడు. నీకు సంబంధం రాదు. సామి పెట్టిన పేరైతే అందరూ దండం పెడతాండారు. ఏ పేరు మంచిదో నువ్వే సెప్పు."

మా అన్న మూఢుడు కాదు. అబద్ధాన్ని అబద్ధమని తెలిసే, మర్యాద దొరికే చోటు గనుక అక్కడ తలదాచుకున్నాడు. మూఢనమ్మకాల మీద ఇన్ని పుస్తకాలు రాశాను, అన్నింటిలోనూ ఈ ఒక్క సంగతి దగ్గర నా కలం తడబడుతుంది.

తర్వాతి అమావాస్యకు నేనూ మఠానికి పోయాను, డబ్బా సంచిలో పెట్టుకుని. జనం బాగా ఉన్నారు. అన్న సిబ్బిలో గొలుసులు పట్టుకుని కూర్చున్నాడు, నాయన దిమ్మెలు సర్దుతున్నాడు. సామి లఘువు పాట ఎత్తుకోగానే ముందుకు పోయి అడిగాను. "సామీ, మీరు సెప్పేది ఇదే కదా. పైకి పోయినాయప్పకు బరువు పోయింది, మా అన్నకూ పోతాంది, రెండూ ఒకటే, కాబట్టి మా అన్నా దేవుని దిక్కే పోతాండాడు." సామి తల ఊపాడు. షెడ్డులో నేర్చుకున్న నియమం ప్రకారం ఇంక నా వంతు. మఠం మెట్ల మీద నుంచి, నీళ్ళు నింపిన డబ్బా వదిలాను. ధార ఆగింది. "మళ్ళొకసారి ఎయ్యమ్మా, నేను సూడలేదు" అంది ఒక ముసలామె. మళ్ళీ వేశాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ నౌకలో జరిగేదీ ఇదేనని, పైన దేవలోకమూ లేదు, బరువు పోవడమూ లేదని చెప్పాను.

సామి కోప్పడలేదు. నేను చూసిన తెలివైనవాళ్ళలో ఆయనొకడు. "బాగ సెప్పినావు తల్లీ. ఆయప్ప తేలడం ల్యా, సరే. మరి మీ అన్న బరువు యాడికి పోతాంది? నువ్వే సెప్పు, ఇంతమంది ముందర."

అన్న నా వైపే చూస్తున్నాడు. వద్దన్నట్టు తల చిన్నగా ఆడించాడు. ఆ కళ్ళు వేడుకోవడం నేను చూశాను, చూసే చెప్పాను. "మా అన్నది క్షయ. దానికి మందుంది. బెల్లం కాదు."

క్షయంట, క్షయంట అని మాట వెనక్కి పాకింది. దాంతోపాటు మనుషులూ వెనక్కి జరిగారు. ఎవరూ తోయలేదు, ఎవరూ అరవలేదు. ఒకామె చంటిబిడ్డను కొంగు కిందికి లాక్కుంది. నీళ్ళు పోసే మనిషి చెంబులో మిగిలినవి నేల మీద ఒంపేశాడు. క్షణంలో తక్కెడ చుట్టూ ఖాళీ స్థలం ఏర్పడింది. అన్న మెల్లగా సిబ్బిలోంచి దిగాడు. అతను దిగగానే బెల్లం ఉన్న సిబ్బి దభాలున నేలకు కొట్టుకుంది. బస్సులో అందరికన్నా వెనక కూర్చుని, ఇల్లు చేరేదాకా ఒక్క మాటే అన్నాడు: "గెలిచినావులే పాపా."

నేను చెప్పింది తప్పని ఈ రోజుకూ అనుకోను. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెబుతాను. కానీ ఖండించడం నేర్పిన పంతులు, ఖండించిన తర్వాత ఆ ఖాళీ స్థలంలో నిలబడ్డ మనిషిని ఏం చేయాలో నేర్పలేదు. ఆ సాయంత్రం నాయన చేతులు కడుక్కోకుండానే మాట్లాడాడు. "ప్రతి అమావాస్యకూ దిమ్మె తీసి పక్కన పెట్టింది నేనే. తడి పత్తి చేత్తో పట్టుకుంటే తెలిసేది నాకు. కొడుకు తగ్గేది తెలీలా." పోలిక రుజువు కాదని ఎన్నో సభల్లో బల్ల గుద్ది చెప్పినదాన్ని. అయినా అప్పుడు తోచింది ఒకటే: మా ఇల్లు మొత్తం కలిసే పడుతోంది, అందుకే ఎవరి బరువూ ఎవరికీ తగల్లేదు.

ఇంక దాచడానికి పేరు లేదు గనుక అన్న ఆసుపత్రికి వచ్చాడు. సూదులు మొదలయ్యాయి. నిజం చెబుతున్నాను, దగ్గు తగ్గింది, నాలుగు ముద్దలు తిన్నాడు. మందు తన పని చేస్తోంది. మనుషులు కూడా తమ పని చేశారు. ప్రెస్సు మేస్త్రీ, "బాగైనాక రా ఈరన్నా" అని గేటు దగ్గరి నుంచే పంపేశాడు. వదినను వాళ్ళ నాయన వచ్చి తీసుకుపోయాడు. రోజూ సూదికి పోయే దారిలో హోటల్ ఉంది. పదేళ్ళు టీ తాగిన చోట అన్నకు కొబ్బరిచిప్పలో పోసి అరుగు చివర పెట్టారు. ఆ రోజు నుంచి సందుల్లోంచి పోయాడు. సందుల్లో పిల్లలను లోపలికి పిలుచుకున్నారు. ఒక రోజు పోలేదు, ఆ తర్వాత పోవడమే మానేశాడు. నేను బతిమాలాను, తిట్టాను, లెక్చరిచ్చాను. "నువ్వు సెప్పిందంతా నిజమే పాపా" అనేవాడు, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నిజమే అన్న మనిషితో ఇంకేం వాదించాలి? కొన్నాళ్ళకు వదిన తనంతట తనే, మూటతో, ఎమ్మిగనూరు బస్సు దిగి వచ్చేసింది. చెప్పులు విప్పి, అన్న పక్కన కూర్చుని, అతని పళ్ళెంలోనే రొట్టె విరుచుకుంది. చెయ్యి పట్టుకుని నడిబజారులోంచే ఆసుపత్రికి నడిపించింది. హోటల్ ముందు కావాలనే ఆగి, "ఏమప్పా, గ్లాసులు కడిగేకి నీళ్ళు ల్యావా ఈడ?" అని అడిగింది. కానీ సూదులు ఆపిన ఆ నడుమ రోజుల్లో జబ్బు ముదిరిపోయింది. మార్కెట్టుకు కొత్త పత్తి వచ్చే రోజుల్లో మా అన్న పోయాడు. మోసేవాళ్ళు చాలినంతమంది రాలేదు. అంత మనిషిని నాయనా ఇద్దరు బంధువులూ సులువుగా ఎత్తారు.

ఇప్పుడు సూదులు లేవు, మాత్రలున్నాయి, సర్కారు ఉచితంగా ఇస్తుంది. రోదసి మనుషులు అరచేతిలోకే వచ్చి పల్టీలు కొడుతున్నారు. అయినా వాళ్ళు ఎందుకు తేలుతున్నారో ఎవరూ అడగరు, అడిగితే సామి మాటే చెబుతారు. సాములకు కూడా ఇప్పుడు ఫోన్లున్నాయి. నాకు వాళ్ళతో వాదించే ఓపిక ఇంకా ఉంది. వాదిస్తాను. నా చేతగానిదల్లా ఆ వెనక్కి జరిగే అడుగును ఆపడం. అది నేనొక్కదాన్నే ఆపలేనిది, ఎన్ని డబ్బాలు మిద్దె మీద నుంచి వేసినా ఆగనిది. వదిన వీధిలోనే ఇప్పుడు ఒక కుర్రవాడికి ఆ జబ్బట. వాళ్ళింటి అరుగు మీద ఎవరూ కూర్చోవడం లేదట.

మీ వీధిలోనూ అటువంటి అరుగు ఒకటి ఉంటుంది. అదెవరిదో మీకు తెలుసు. ఈ పుస్తకం మూసేయండి. లేవండి. వెళ్ళి ఆ అరుగు మీద కూర్చోండి, మంచినీళ్ళు అడిగి తాగండి, రేపు ఆసుపత్రికి తోడొస్తానని చెప్పండి, రేపు వెళ్ళండి.